పాడె వెంట పాట

తెల్లవారుజామున ఊళ్లో ఎక్కడో మైకు గరగరలాడుతుంది. కాసేపటికి ఘంటసాల గొంతు. శ్లోకం, దాని వెనకే తెలుగులో తాత్పర్యం. నెల్లూరు తీరంలో కావలి నుంచి తడ దాకా ఏ ఊళ్లోనైనా సరే, ఆ గొంతు చెవిన పడగానే జనం అడిగే మొదటి మాట ఒకటే: "ఎవురు పోయినారు?" నడుస్తున్నది సాంఖ్యయోగమా, విశ్వరూప సందర్శనమా అని ఎవరూ పట్టించుకోరు. పాలు పోయించుకుంటున్న ఇల్లాలు చెంబు పట్టుకునే వీధి మలుపు దాకా వెళ్లి చూసొస్తుంది.

యుద్ధం చేయలేనని విల్లు పడేసి రథంలో చతికిలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. ఇక లేవని మనిషి తలాపున ఎందుకు మోగుతున్నాయి? ప్రాణం పోయే వేళ చెవిలో నారాయణ నామం చెప్పమన్నారు పెద్దలు. పోయాక ఇంట్లో గరుడ పురాణం చదివించమన్నారు. అంతేగానీ, పాడె లేచేదాకా గీత మోగించాలని ఏ స్మృతిలోనూ రాయలేదు. ఈ ఆచారానికి వేల ఏళ్ల చరిత్ర లేదు. దాని వయసు మహా అయితే యాభై ఏళ్ల చిల్లర. ఘంటసాల పాడిన భగవద్గీత రికార్డు బయటికొచ్చిందే 1974లో. పురోహితుడో పీఠాధిపతో పెట్టిన ఆచారం కాదిది. ఒక గాయకుడు, కొందరు నాటకాల వాళ్లు, ఒక రికార్డు కంపెనీ, ఊరూరా ఉన్న మైకు సెట్ల వాళ్లు కలిసి తమకు తెలియకుండానే పెట్టారు. దైవాన్నీ చావునూ ఒకే గొంతులో వినడం తెలుగువాళ్లకు ఎలా అలవాటైందో తెలియాలంటే గ్రామఫోను కన్నా వెనక్కి వెళ్లాలి.

మైకు రాకముందూ చావిల్లు నిశ్శబ్దంగా ఏమీ లేదు. పలకలు మోగేవి. ఆ దెబ్బ పెళ్లికి ఒక రకం, జాతరకు ఒక రకం, చావుకు ఇంకో రకం. అర మైలు దూరంలో ఉన్నవాడు కూడా ఆ నడకను బట్టి సంగతి పసిగట్టేవాడు. తిరునామాలు పెట్టే కులాల్లో దాసరి వచ్చేవాడు. శంఖం, జేగంట, గరుడకంబం దీపం ఆయన సరంజామా. శంఖం ఊది, జేగంట మీద కొయ్యతో ఒక దెబ్బ వేసి, మోత పూర్తిగా అణగకముందే ఇంకో దెబ్బ వేస్తాడు. పాడె ముందు ఈ మోత, వెనక ఆడవాళ్ల శోకాలు. శోకాలు పెట్టడం కూడా విద్యే. పోయినవాడి గుణాలు, చేసిన మేళ్లు, తీరని బాకీలు, కొడుకు పెళ్లి చూడకుండానే పోయిన సంగతి, అన్నీ ఒక వరసలో, ఒక రాగంలో పెట్టి ఏడవాలి. నలుగురు వదినలు గుండ్రంగా కూర్చుని అందుకుంటే అందులో ముందు పాడేది ఎవరో, వంత ఎవరో తేడా తెలుస్తుంది. తడ దాటి తమిళ గడ్డ మీదికి వెళితే దీన్నే ఒప్పారి అంటారు. అక్కడ అది పేరున్న కళ, పరిశోధకులు పుస్తకాలు రాసిన కళ. మన పక్క శోకానికి ఆ గౌరవం దక్కలేదు.

గ్రంథంలో మాత్రం దక్కింది, అదీ నెల్లూరులోనే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాట పర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. అందులో స్త్రీ పర్వం ఉంది. యుద్ధం అయిపోయాక గాంధారి, కోడళ్లు నెత్తురు మడుగుల్లో తమ వాళ్లను వెతుక్కుంటారు. తెలుగు కావ్యంలో సామూహిక శోకానికి అంత చోటిచ్చిన తొలి రచన అదేనంటే తప్పు లేదు. పెన్న ఒడ్డున కూర్చుని ఆ పర్వం రాసిన కవి రోజూ చూసే శోకాలనే గాంధారి నోట పెట్టాడా అన్నది ఊహ మాత్రమే. కానీ చదువుతుంటే ఆ ఊహ రాక మానదు.

పుస్తకంలోని శోకం జనం నోటికి రావడానికి మాత్రం రంగస్థలం కావలసి వచ్చింది. 19వ శతాబ్దం చివరికి తెలుగు పట్టణాలన్నిటికీ నాటకాల పిచ్చి పట్టింది. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం వేదం వెంకటరాయశాస్త్రి నాటకాలు ఆడింది. ఊళ్లలో సురభి డేరాలు వెలిశాయి. కాంట్రాక్టర్లు ఒక కంపెనీ నటుణ్ణి ఇంకో కంపెనీ నటుడితో కలిపి పోటీ నాటకాలు వేయించారు. 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయం' రాశాడు. అప్పటికి హరిశ్చంద్ర నాటకాలు వేరేవీ ఉన్నాయి. అయినా ఊరూరా నిలిచింది ఇదే. ఆ నాటకంలో జనం కాచుకు కూర్చునేది కాటిసీను కోసం. గుంటూరు సీమలో పుట్టిన బలిజేపల్లి చివరి రోజుల్లో శ్రీకాళహస్తి చేరి, 1953లో అక్కడే కన్నుమూశాడు. ఆ ఊరిని ఒరుసుకుని పారే స్వర్ణముఖి నెల్లూరు తీరంలోనే సముద్రంలో కలుస్తుంది.

కాటిసీను సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రాత్రి రెండు దాటాక వస్తుంది. స్టేజీ మీద దీపాలు తగ్గిస్తారు. ఒక మూల చితి మంట, అంటే ఎర్ర కాగితం వెనక లాంతరు. రెండు మూడు పుర్రెలు. భుజాన నల్ల కంబళి, చేతిలో కర్రతో ఒకనాటి చక్రవర్తి, ఇప్పటి కాటికాపరి. హార్మోనిస్టు ఒక్క స్వరం పట్టుకుని వదలకుండా కూర్చుంటాడు. నటుడు ఆ స్వరం మీద ఆలాపన ఎత్తుకుని, పద్యంలోకి దిగి, చివరి పాదం దగ్గర ఊపిరి నిలిపి, రాగాన్ని పైస్థాయికి లాగి వదులుతాడు. "వన్స్ మోర్!" అని అరుపు. కొడుకు శవాన్ని చేతులమీద మోసుకొచ్చిన చంద్రమతి వింగులో నిలబడి ఉంటుంది. ఆమె రావాలంటే పద్యం మూడోసారి పూర్తి కావాలి. చావు ముందు నిలబడ్డ మనిషి చేత వన్స్ మోర్ పాడించుకోవడం క్రూరత్వమా, భక్తా? రెండూ ఉన్నాయి. కళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టేవాళ్లు.

అసలు విశేషం వేరే ఉంది. కాటిసీనులో నటులు పాడి పేరు తెచ్చుకున్న పద్యాల్లో ముఖ్యమైనవి బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలోని పద్యాలను నటులు తమంతట తామే తెచ్చి నాటకంలో పెట్టుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా క్రైస్తవుడు, అంటరానితనం చవి చూసినవాడు. రాజులూ కవులూ కూలివాళ్లూ పసిబిడ్డలూ ఒకే మట్టిలో కలిసే చోటు శ్మశానమని రాసిన కవికి ఊళ్లో ఆ సమానత్వం ఎక్కడా దొరకలేదు. అంత పౌరాణికమైన నాటకానికి, అంత నిష్ఠగా చూసే సన్నివేశానికి గుండెకాయ ఒక దళిత క్రైస్తవుడి పద్యాలు. పద్యం అందుకునేటప్పుడు ప్రేక్షకులు కవి కులం అడగలేదు. కవి ఎదురుపడితే మాత్రం అడిగారు. అదే జాషువా 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంకో ముచ్చట: ఇరవయ్యేళ్ల వయసులో రాజమండ్రిలో ఆయన మూకీ సినిమాలకు వాచకుడు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, మాటలు చదివేవాడు. మైకు, లౌడ్ స్పీకర్ లేని కాలంలో గొంతుతో హాలు నింపడం ఆయనకు బతుకుతెరువు.

ఈలోగా గ్రామఫోను వచ్చింది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాట రికార్డయ్యాక, కొద్ది ఏళ్లకే కంపెనీల వాళ్లు మద్రాసుకూ పెట్టెలు మోసుకొచ్చారు. ఓడియన్, హెచ్.ఎం.వి., కొలంబియా, హచిన్స్ ముద్రలతో తెలుగు పద్యాలు, కీర్తనలు, నాటకాల సెట్లు అమ్ముడుపోయాయి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల గొంతు, వాళ్ల నాటకం ఎన్నడూ ఆడని ఊళ్లకు రికార్డు మీద చేరింది. అయితే రికార్డుకు ఒక షరతుంది. పక్కకు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. స్టేజీ మీద పది నిమిషాలు సాగే పద్యం అందులో పట్టదు. ఆలాపన కత్తిరించాలి, పాదాల మధ్య సంగతులు తగ్గించాలి, చివరి రాగాన్ని ముందే కట్టేయాలి. స్టేజీ రసికులు అది పద్యమే కాదని విసుక్కున్నారు. కానీ మాట స్పష్టంగా వినిపించడం మొదలైంది అక్కడే. రికార్డు తెలుగు పద్యానికి చేసిన మేలు అదే. 1935లో 'హరిశ్చంద్ర' టాకీగా వచ్చి, అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ తెర మీదికి వచ్చేసరికి కాటిసీను ఇంకాస్త కుదించుకుపోయింది.

ఆ స్పష్టతను చివరిదాకా తీసుకెళ్లినవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. సంగీతం నేర్చుకుంటానని చనిపోబోయే తండ్రికి మాటిచ్చి, విజయనగరం చేరి, ఇంటింటా మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడని తెలుగునాట తెలియనివారు లేరు. సినిమాల మాట అలా ఉంచితే, ఆయన ప్రైవేటు రికార్డుల్లో జనం గుండెల్లో పెట్టుకున్నవి రెండూ విలాపాలే. కరుణశ్రీ రాసిన 'పుష్పవిలాపం', 'కుంతీవిలాపం'. ఒకదానిలో కోయబోతే ప్రాణం పోతుందని పువ్వు బతిమాలుతుంది, రెండోదానిలో కన్నబిడ్డను ఏటిలో వదిలేస్తూ తల్లి కుమిలిపోతుంది. నాటకాల వాళ్లు అరిచి చెప్పిన దుఃఖాన్ని ఆయన చెవిలో చెప్పినట్టు పాడాడు. పెద్ద రాగాలు లేవు, గొంతు చించుకోవడం లేదు. తెలుగువాడు చావు పాటను ఇంట్లో కూర్చుని వినగలిగాడంటే అది ఆ రెండు రికార్డుల పుణ్యమే.

1972లో హైదరాబాదు రవీంద్రభారతి వేదిక మీద ఘంటసాలకు గుండెనొప్పి వచ్చింది. చక్కెర జబ్బు అప్పటికే పీడిస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న గీత పని పూర్తి చేశాడు. ఏడు వందల శ్లోకాల్లో 106 ఎంచుకున్నాడు. నిజానికి అది ప్రయోగమే. గీతను పారాయణ స్వరంలో చదవడమే తప్ప రాగాలు కట్టి, వాద్యాలు పెట్టి, సినిమా రికార్డింగు తీరులో పాడే అలవాటు అప్పటికి తెలుగులో లేదు. శ్లోకం ఒక రాగంలో, తర్వాతి శ్లోకం సందర్భాన్ని బట్టి ఇంకో రాగంలో. నడుమ తాత్పర్యం చెప్పేదీ ఆయనే. పాడే గొంతు వేరు, చెప్పే గొంతు వేరు. పాడేటప్పుడు గాయకుడు, చెప్పేటప్పుడు ఇంటి పెద్ద. తొందర లేదు, బోధించే దర్పం లేదు. అలసట మాత్రం వినిపిస్తుంది. ఆ అలసటే ఈ రికార్డును తర్వాత చావిళ్లకు చేర్చిందేమో. ఆరోగ్యంగా గలగలలాడే గొంతు పాడి ఉంటే అది పూజగదిలోనే ఆగిపోయేది.

గీత అయిపోయాక ఇక సినిమాలకు పాడకూడదనుకున్నాడంటారు. కానీ 1973లోనూ పాడాడు. ఆ ఏడాది వచ్చిన 'జీవన తరంగాలు'లో, జె.వి.రాఘవులు సంగీతంలో, శవయాత్ర మీద ఒక పాట ఉంది. పోలీసుల నుంచి తప్పించుకోవడానికి ఒక దొంగ పాడె మోసేవాళ్లలో కలిసిపోయి భుజం పడతాడు. మోస్తున్నది తన కన్నతల్లినే అని అతనికి తెలియదు. ఆ పాట రాసింది ఆచార్య ఆత్రేయ. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు, 1921లో సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టినవాడు. నెల్లూరులో మున్సిఫ్ కోర్టు గుమాస్తాగిరీ, 'జమీన్ రైతు' పత్రికలో పని, ఆపైన నాటకాలు, ఆపైన సినిమా. ఆచార్యుల ఇంట పుట్టి, వేదాంతాన్ని కూలివాడికి అర్థమయ్యే మాటల్లో పెట్టడం ఆయన విద్య. శాస్త్రం ఊసెత్తకుండా బంధాల మీద నాలుగు మాటలు రాసి పాడె వెంట నడిపించాడు. నెల్లూరు తీరం ఈ చరిత్రకు ఇచ్చిన పాట అదే. ఇవాళ శవయాత్ర వాహనాల్లో గీత తర్వాత ఎక్కువగా మోగేదీ అదే.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో పోయాడు. అప్పటికి 51 ఏళ్లు. గీత రికార్డు ఆ తర్వాత విడుదలైంది. చనిపోయిన మనిషి గొంతు ఆత్మకు చావు లేదని చెప్పడం ఆంధ్ర దేశం విన్నది. ఆ రికార్డు చావుకు ముడిపడటానికి సగం కారణం ఇందులోనే ఉంది. మొదటిసారి విన్నవాళ్లంతా పాడినవాణ్ణి తలుచుకుని ఏడ్చినవాళ్లే.

మిగతా సగం మైకు సెట్ల వాళ్ల పని. ఎల్.పి. రికార్డు ఉన్న కాలంలో గీత కొనగలిగినవాళ్లు కొద్దిమంది. రికార్డు ప్లేయరును చావింటికి మోసుకెళ్లడం కుదిరే పనీ కాదు. క్యాసెట్టు వచ్చాక లెక్క మారింది. 1980ల్లో కువైట్ వెళ్లొచ్చిన ప్రతివాడి చేతిలో టేప్‌రికార్డర్. సౌండ్ సర్వీసు కొట్టులో ఒక రేకు పెట్టె, అందులో క్యాసెట్లు. పెళ్లికి సన్నాయి, శ్రీరామనవమికి రామదాసు కీర్తనలు, శివరాత్రికి స్తోత్రాలు, ఎన్నికలకు ఏ పార్టీ పాట ఆ పార్టీకి. చావుకు? పలకలవాళ్లు కూలికి పట్నం పోయారు. శోకాలు పెట్టే ముసలమ్మలు ఒక్కొక్కరే రాలిపోయారు. కోడళ్లకు ఆ వరసలు రావు, వచ్చినా నలుగురిలో సిగ్గు. ఖాళీ అయిన ఆ చోటును మైకు కుర్రవాడు పూరించాలి. పెట్టెలో చేయి పెడితే దొరికింది ఘంటసాల గీత. ఒక వైపు అరగంట నడుస్తుంది, తిప్పి పెడితే ఇంకో అరగంట. భక్తి ఉంది, గాంభీర్యం ఉంది, ఎవరూ వేలెత్తి చూపరు. పుట్టినవాడికి చావు తప్పదని, చినిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టే ఇదీనని తెలుగు తాత్పర్యం వస్తుంటే ఏడుస్తున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి వింటారు. క్యాసెట్టు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, పెన్‌డ్రైవ్ పోయి ఫోను వచ్చింది. గీత మాత్రం మారలేదు. నెల్లూరు పట్నంలో పెన్న ఒడ్డున బోడిగాడితోటకు వెళ్లే బండి మీదా అదే.

క్యాసెట్ల కాలంలో కాటిసీనుకూ రెండో జన్మ దొరికింది. హరిశ్చంద్ర పాత్రతో పేరు మోసిన డి.వి.సుబ్బారావు పద్యాలు క్యాసెట్ల మీద ఊరూరూ తిరిగాయి. మూడు నిమిషాల షరతు పోయింది గనక రాగం మళ్లీ సాగింది. చిత్రమేమిటంటే, కాటిలో పాడే పద్యాలను చావింట్లో ఎవరూ పెట్టరు. అవి తిరనాళ్లలో, నాటకం రాత్రుల్లో, లారీల్లో మోగుతాయి. చావు గురించిన పద్యాలు వినోదమయ్యాయి. యుద్ధం గురించిన గ్రంథం చావు పాటయింది.

బృందగానం మాటేమిటి? హిందువుల చావులో నలుగురు గొంతు కలిపేది గోవింద కొట్టేటప్పుడే. పల్లెల్లో భజన గుంపులు రాత్రంతా తాళాలతో తత్వాలు పాడటం ఉంది గానీ అది అన్ని ఇళ్లలోనూ లేదు. పదిమంది కలిసి పవిత్రమైన దుఃఖాన్ని పాడటం ఈ తీరంలో రెండు చోట్ల నేర్చుకోవాలి. ఒకటి మొహర్రం. పీర్ల పండక్కి ఊళ్లలో గుండం చుట్టూ తిరుగుతూ హసన్ హుస్సేన్ల కథను తెలుగులోనే, హిందువులు కూడా కలిసి పాడతారు. అదే మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే లక్షల మందికి అది కోరికల పండగ కావచ్చు. దాని ఒడ్డునున్న బారాషహీద్ దర్గా మాత్రం పన్నెండు మంది అమరుల సమాధుల చోటు.

రెండోది చర్చి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలో ఆల్బనీ సభలో ఈ మిషన్‌ను మూసేద్దామన్న చర్చ వచ్చింది. పటం మీద ఒంటరిగా ఉన్న నెల్లూరును చూసి శామ్యూల్ స్మిత్ ఆ రాత్రే 'ఒంటరి తార' మీద పద్యం రాశాడు, సభ మనసు మారింది. అప్పటినుంచి దానికి లోన్ స్టార్ మిషన్ అని పేరు. 1876-78 కరువులో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది కొత్తవాళ్లకు పాట కావాలి. అమెరికా రాగాలు వీళ్ల నోట పలకవు. అక్కడ పనికొచ్చింది పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలే. బ్రాహ్మణుడిగా పుట్టి 1833లో క్రైస్తవుడైన ఆయన తనకు తెలిసిన కర్ణాటక రాగాల్లోనే క్రీస్తును పాడాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి.

నెల్లూరు సీమలో క్రైస్తవుల భూస్థాపన చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. సమాధి చుట్టూ నిలబడ్డవాళ్లందరి చేతుల్లో పాటల పుస్తకాలు. రాగం ఎత్తేది ఒకరు, అందుకునేది అందరూ. మట్టి వేస్తుండగా పాట ఆగదు. మంచి శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం. మాటకొక ప్రసంగం, ప్రసంగానికొక పాట. మూడు గంటలపాటు ఒక చావును తలుచుకుంటూ ఊరు ఊరంతా పాడటం అదొక్క రోజే. ఇక్కడ కూడా ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్లు, పెన్‌డ్రైవ్ వచ్చాయి. అయినా సమాధి దగ్గర మాత్రం గొంతులే పాడుతున్నాయి.

యూరప్‌లో ఈ దుఃఖానికి గుడిలోనే చోటుండేది. మృతుల కోసం చేసే ఆరాధనకు పెద్ద పెద్ద సంగీతకారులు బృందగానాలు కట్టారు. మొజార్ట్ 1791లో రెక్వియం రాస్తూనే పోయాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు మొరాలెస్ మృతుల ప్రార్థనకు కట్టిన స్వరాల మీద 1990ల్లో హిలియార్డ్ బృందం పాడుతుంటే, యాన్ గర్బారెక్ శాక్సఫోను ఊదాడు. 'ఒఫీషియం' అన్న పేరుతో 1994లో వచ్చిన ఆ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. విషాదం నిండిన పాత భక్తి సంగీతానికి కొత్త ప్రయోగం తోడైతే జనం వింటారని అక్కడి కంపెనీలకు అప్పుడు తెలిసింది. ఇక్కడ ఇరవై ఏళ్ల ముందే తెలిసింది. కాకపోతే అక్కడ కొన్నవాళ్లు ఇంట్లో ఒంటరిగా విన్నారు. ఇక్కడ కొనని వాళ్లు కూడా వీధిలో విన్నారు.

ఘంటసాల తర్వాత తెలుగు భక్తి రికార్డుల బరువు మోసిన గొంతు నెల్లూరులో పెరిగిందే. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా భాగవతార్. గజ్జె కట్టి, చిడతలు పట్టి, ఒక్కడే నిలబడి పది పాత్రల ఏడుపూ నవ్వూ పలికించే విద్య అది. మాటను పాట మధ్యలో ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి వదలాలో బాలుకు తెలియడంలో ఆ ఇంటి పాలు ఎంతో ఉంది. మద్రాసులో ఆయన గెలిచిన పాటల పోటీ న్యాయనిర్ణేతల్లో ఘంటసాల ఒకరు. 2020 ఫిబ్రవరిలో బాలు నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించాడు. అదే ఏడాది సెప్టెంబర్ 25న పోయాడు. మరునాడు తామరైపాక్కంలోని తోటలో సమాధి చేశారు.

గీతను చావు పాట చేసేశారని కోపగించుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. శవాల బండ్ల మీద మోగించవద్దని స్వాములు ఉపన్యాసాల్లో చెబుతున్నారు. ఘంటసాల పాడిన 106 శ్లోకాలను ఆ వరుసల్లోనే ఉంచి, మిగతా 594 శ్లోకాలకు స్వరాలు కట్టి మొత్తం గీతను రికార్డు చేసిన గంగాధరశాస్త్రి కూడా ఈ మాటే ఊరూరా చెబుతుంటారు. గీత బతికేవాళ్ల కోసమన్న వాళ్ల వాదన సబబే. కానీ చావింట్లో గీత వినేది పోయినవాడు కాదు, ఉన్నవాళ్లే. మంత్రాలు అర్థం కాని ఇంట్లో అర్థమయ్యే తెలుగులో నాలుగు మాటలు చెప్పేది ఆ మైకొక్కటే. దాన్ని ఆపమనేవాళ్లు ఆ చోట ఏం పెట్టాలో కూడా చెప్పాలి.

ఈ చరిత్రలో సగం ఇంకా అటకల మీదే ఉంది. హచిన్స్, ఓడియన్ నాటకాల సెట్లు, 78 స్పీడు పద్యాల రికార్డులు, నెల్లూరు పురమందిరంలో ఆడిన నాటకాలను ఎవరో ఔత్సాహికులు పట్టిన టేపులు, పల్లె చర్చిల్లో మంచి శుక్రవారం పాటలు తీసిన క్యాసెట్లు నెల్లూరు, కావలి, గూడూరు ఇళ్లలో ఉండే ఉంటాయి. లక్కతో చేసిన పాత ప్లేటు చేయి జారితే ముక్కలే, టేపుకు బూజు పడితే అంతే. పాత సామాను వాడికి కిలోల లెక్కన వేసే ముందు ఒకసారి తీసి చూడండి. వినిపించే యంత్రం మీ దగ్గర లేకపోతే ఉన్నవాళ్ల చేతికివ్వండి. శోకాలు తెలిసిన ముసలమ్మ మీ ఇంట్లో ఉంటే, ఆవిడ ఒప్పుకుంటే, ఫోనులో ఒక గంట రికార్డు చేసి పెట్టండి.